క్రాంక్ పుల్లీ: కంపెనీదా, బజారుదా, లేతు మీద తిప్పించిందా?

బ్రదర్, మీరు అడిగింది మొత్తం చదివాను. 2012 టాటా 2518 టిప్పర్, కమిన్స్ 6 సిలిండర్ల 5.9 లీటర్ల ఇంజన్, కంకర లోడ్లు. బెల్టు ఊగుతోందని చూస్తే క్రాంకు (ఇంజన్‌లో తిరిగే పెద్ద ఇరుసు) ముందు చివర ఉండే క్రాంక్ పుల్లీలో రబ్బరు ముక్కలుగా ఊడి వస్తోంది. షాపులో నాలుగు రకాలు చూపించారు: కంపెనీ డబ్బాలోది, అందులో సగం ధరకే వచ్చే బజారు పుల్లీ, మీ పాతదానికే కొత్త రబ్బరు పోసి ఇస్తామన్నది, అసలు రబ్బరు గొడవే లేకుండా లేతు మీద తిప్పిన ఇనప పుల్లీ. "బెల్టు తిప్పే చక్రమే కదా సార్, ఏదైతే ఏముంది" అని మీ డ్రైవర్ అన్నాడని రాశారు. ఆ మాట మీ డ్రైవర్ ఒక్కడిదే కాదు, మా దగ్గర పదేళ్లు పని నేర్చుకున్న కుర్రాళ్లు కూడా అంటారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా పెద్ద బండ్ల ఇంజన్లు విప్పుతున్నాను, మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ అదే అనుకున్నాను.

ముందు సమాధానం చెప్పేస్తా, తర్వాత ఎందుకో చెబుతా. ఇనప పుల్లీ వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. రబ్బరు పోయించడం కూడా వద్దు. కంపెనీది కొనగలిగితే అది కొనండి, చేతిలో డబ్బు లేకపోతే బజారు రబ్బరు పుల్లీ వేసుకోవచ్చు, కానీ షాపు కౌంటర్ మీదే కొన్ని చూసి తీసుకోవాలి. ఆ చూడాల్సినవే అసలు సంగతి.

అది బెల్టు చక్రం కాదు. బెల్టు తిప్పడం దానికి పక్క పని. కొన్ని ఇంజన్లకు పుల్లీ, డ్యాంపర్ (క్రాంకు ఊగుడును అణిచే ముక్క) విడివిడిగా ఉంటాయి, మీ బండికి రెండూ ఒకే ముక్క, అందుకే ఈ పొరపాటు. క్రాంకు చూడటానికి మనిషి ఎత్తలేనంత ఇనుము, కానీ నడిచేటప్పుడు అది తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది, వెంటనే తిరిగి విడుతుంది. మీ ఇంజన్ 1500 ఆర్‌పీఎం మీద ఉంటే సెకనుకు 25 చుట్లు. 6 సిలిండర్లు కాబట్టి చుట్టుకు 3 సార్లు మండుతుంది. అంటే సెకనుకు 75 తన్నులు. ఉయ్యాల ఊపేటప్పుడు చూడండి, సరైన సమయానికి వేలితో నెట్టినా చాలు, ఎత్తుకు పోతుంది. అలాగే ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర ఆ తన్నులు క్రాంకు సొంత ఊగుడుతో కలిసిపోతాయి, మెలి ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. దాన్ని ఆపడానికే ముందు భాగంలో రబ్బరు మీద ఒక బరువు రింగు పెడతారు. క్రాంకు ఇటు మెలిపడితే రింగు అటు లాగుతుంది, మధ్యలో రబ్బరు నలిగి ఆ బలాన్ని వేడిగా మార్చేస్తుంది. లోడు మీద వచ్చిన బండి పుల్లీ ముట్టుకుంటే కాలేది ఒక్క ఇంజన్ వేడికే కాదు, ఇది కూడా ఉంది.

ఇప్పుడు మీ పుల్లీలో రబ్బరు ఊడింది కాబట్టి ఆ రింగు తన పని చెయ్యడం లేదు. బండి మాత్రం నడుస్తుంది. పికప్ తగ్గదు, పొగ రాదు, మైలేజీ కూడా దాదాపు అంతే ఉంటుంది. అదే దీనితో వచ్చిన చిక్కు.

ఒకాయన ఇలాగే 6 సిలిండర్ల బండికి లేతు పుల్లీ వేయించుకున్నాడు. నేను వేసింది కాదు, వేరే చోట వేయించాడు. చాలా నీటుగా తిప్పారు, నికెల్ లాగా మెరుస్తోంది, నాకే ముచ్చటేసింది. ఎనిమిది నెలలో, తొమ్మిది నెలలో నడిచింది. తర్వాత క్రాంకు విరిగి లారీ మీద లారీ ఎక్కించుకుని తెచ్చాడు. ఎక్కడ విరిగింది? పుల్లీ పక్కన కాదు. వెనక, ఫ్లైవీల్ (క్రాంకు వెనక చివర ఉండే బరువైన చక్రం) వైపు చివరి జర్నల్ (క్రాంకులో బేరింగ్ మీద తిరిగే భాగం) దగ్గర. అంతకు ముందు ఏడాది క్రాంకు గ్రైండింగ్ చేయించి ఉన్నాడు, అందుకని నేరుగా ఆ గ్రైండింగ్ చేసినాయన మీదికి గొడవకు వెళ్లాడు. నిజానికి చెట్టు కొమ్మ ఊగేది చివర, విరిగేది మొదట్లో. క్రాంకు కూడా అంతే. ఫ్లైవీల్ బరువు వల్ల వెనక వైపు కదలదు, ముందు వైపు ఊగుతుంది, ఇనుము మీద ఒత్తిడి మాత్రం వెనకే ఎక్కువ. విరిగిన ముఖం చూస్తే తెలిసిపోతుంది. మెలికి అలిసి విరిగింది దాదాపు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది, మీద గవ్వ మీద గీతల్లాంటి చారలు ఉంటాయి, అంటే ఒక్క రోజులో కాలేదు, నెలల తరబడి కొద్దికొద్దిగా చీలుతూ వచ్చిందన్నమాట. బేరింగ్ పట్టేసి విరిగితే ఇలా ఉండదు, జర్నల్ నల్లగా కాలి ఉంటుంది. ఇదంతా ఆయనకు ముక్క చేతికిచ్చి చూపిస్తే అప్పుడు ఊరుకున్నాడు. గ్రైండింగ్ ఆయనకు సారీ చెప్పాడో లేదో నాకు తెలియదు.

"మరి చిన్న బండ్లకు గట్టి పుల్లీయే ఉంటుంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, కొన్ని 4 సిలిండర్ల ఇంజన్లకు కంపెనీవాళ్లే గట్టి పుల్లీ ఇస్తారు. క్రాంకు పొట్టిగా ఉంటే మెలి తక్కువ, దాని సొంత ఊగుడు ఎక్కడో పైన ఉంటుంది, మనం నడిపే ఆర్‌పీఎంలో దాన్ని అంత గట్టిగా తట్టదు. 6 సిలిండర్ల క్రాంకు పొడవు, దానికి ఆ లెక్క పనికిరాదు. కాబట్టి 4 సిలిండర్ల బండి అనుభవం తెచ్చి 2518 మీద పెట్టొద్దు.

ఇక రబ్బరు పోయించడం. దీని గురించి నేను సిగ్గుపడుతూ రాయాలి, ఎందుకంటే ఒకప్పుడు నేనే చేయించి ఇచ్చేవాణ్ణి. పాత రబ్బరు గీకేసి, హబ్బుకీ (క్రాంకుకు బిగించే మధ్య భాగం) రింగుకీ మధ్య పాలీయురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) పోసి, ఆరాక లేతు మీద సరిచేసి ఇస్తారు. చూడటానికి కొత్తదే. కానీ కంపెనీవాళ్లు ఆ రబ్బరు ఎంత మెత్తగా ఉండాలో ఆ క్రాంకుకే లెక్క కట్టి పెడతారు. వీణ తీగ బిగింపు మారితే స్వరం మారినట్టు, రబ్బరు గట్టిదనం మారితే రింగు ఏ ఊగుడును ఆపుతుందో అదీ మారిపోతుంది. పోసేవాడికి అది తెలియదు, తెలుసుకునే సాధనమూ లేదు. రెండోది, అంటుకోవడం. నేను చేయించి ఇచ్చిన ఒక పుల్లీ రింగు మూడు నెలలకు జారి ముందుకొచ్చేసి, హైదరాబాద్ రోడ్డులో సూర్యాపేట దాటాక బెల్టును కోసేసింది. ఈ కమిన్స్‌కు ఉన్నది ఒకటే బెల్టు, వాటర్ పంపు, ఫ్యాను, ఆల్టర్నేటర్ అన్నీ దాని మీదే. డ్రైవర్ టెంపరేచర్ ముల్లు చూసుకోలేదు, చార్జింగ్ లైటు వెలిగితే "ఊరెళ్లాక చూద్దాం" అనుకున్నాడు. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు ప్లేనింగ్ చేయించాల్సి వచ్చింది. ఆ పని డబ్బు తీసుకోకుండా చేశాను. అప్పటి నుంచి రబ్బరు పోయించడం మానేశాను.

పాత సామాన్ల షాపులో ఒరిజినల్ సెకండ్‌హ్యాండ్ దొరుకుతుంది కదా అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు సలహా ఇస్తారు, కాబట్టి చెబుతున్నా. ఇనప పుల్లీ కన్నా అది మేలే. కానీ తుక్కుకు వచ్చిన బండిది అంటే ఆ రబ్బరుకూ మీ రబ్బరుకూ వయసు ఒకటే. అత్యవసరానికి ఒక నెల నడుపుకోవడానికి సరే.

ఇప్పుడు అసలు పోటీ, కంపెనీదానికీ బజారుదానికీ మధ్య. బజారు పుల్లీలన్నీ చెత్త అని నేను అనను. వాటిలో కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని బయట చూపుకు అచ్చం అలాగే ఉండి లోపల వేరేగా ఉంటాయి. పేరు చూసి చెప్పలేం, డబ్బా మీద హోలోగ్రాం చూసి అసలే చెప్పలేం. మీ పాత పుల్లీ విప్పి సంచిలో వేసుకుని షాపుకు వెళ్లండి. చేతులూపుకుంటూ వెళ్లి "2518 పుల్లీ ఇవ్వండి" అంటే వాళ్ల దగ్గర ఏది ఉంటే అది ఇస్తారు.

మొదట తూకం. పక్కన కిరాణా కొట్టు కాటా అయినా సరే, రెండూ తూచండి. పాతదాంట్లో రబ్బరు కొంచెం పోయింది కాబట్టి గ్రాముల్లో తేడా ఉంటే ఫర్వాలేదు, కానీ కొత్తది అరకేజీ, కేజీ తక్కువ తూగితే రింగులో ఇనుము మిగుల్చుకున్నారన్నమాట. ఆ బరువే మందు. మందు తగ్గించి సీసా మాత్రం అదే ఇచ్చినట్టు. రింగు మందం, బయటి వ్యాసం కూడా వెర్నియర్‌తో కొలవండి, ఎందుకంటే బరువు మధ్యలో ఉండటానికీ అంచున ఉండటానికీ చాలా తేడా ఉంది.

తర్వాత రబ్బరు. ముందూ వెనకా రెండు వైపులా చూడండి. చుట్టూ ఒకే వెడల్పులో ఉండాలి. ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా ఉంటే రింగు సెంటర్‌లో లేదని అర్థం. గోటితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్లి తిరిగి రావాలి. రాయిలా ఉంటే షెల్ఫులో ఏళ్లుగా పడి ఉందో, మిశ్రమమే నాసిరకమో, ఏదైనా మనకు వద్దు. హబ్బు మీద, రింగు మీద ఒకే వరసలో ఒక గీత కొట్టి ఉంటుంది. చాలామందికి ఆ గీత ఎందుకో తెలియదు. రబ్బరు పట్టు వదిలి రింగు జారితే ఆ రెండు గీతలు ఒకదానికొకటి తప్పిపోతాయి. 1.5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తప్పితే పుల్లీ మార్చాల్సిందే. రబ్బరు ముక్కలు ఊడినా, ఇనుము అంచు కన్నా 3 మిల్లీమీటర్లకు మించి లోపలికి కుంగినా అంతే. ఇవి నేను కనిపెట్టినవి కాదు, కమిన్స్ మాన్యువల్‌లోనే ఉన్నాయి. గీతే లేని బజారు పుల్లీ అయితే నేను కొనను. కొనక తప్పకపోతే బిగించే ముందు మీరే ఉలితో సన్నటి గీత పెట్టుకోండి, మార్కర్ పెన్నుతో పెడితే రెండు వాషింగులకు పోతుంది.

రింగు మీద అక్కడక్కడ లోతు లేని డ్రిల్లు గుంటలు కనిపిస్తే అవి చిల్లులు పడిన సరుకు కాదు, బ్యాలెన్సింగ్ చేసిన గుర్తు. అవి లేకపోయినంత మాత్రాన బ్యాలెన్స్ లేదని కాదు, ఉంటే మంచిది. బెల్టు గాళ్లు లెక్కపెట్టండి, పాతదాని పక్కన పెట్టి స్టీలు స్కేలు ఆనించి గాళ్లు ఒకే లైనులో వస్తున్నాయా చూడండి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా బెల్టు అంచు నూలు పోగుల్లా లేస్తుంది, మీరు బెల్టును తిడతారు, టెన్షనర్‌ను మారుస్తారు, జబ్బు మాత్రం పుల్లీలో ఉంటుంది. క్రాంకు ముక్కు మీద కూర్చునే మధ్య రంధ్రం గట్టిగా, వదులు లేకుండా కూర్చోవాలి. బోల్టులే పట్టుకుంటాయిలే అనుకోవద్దు. బిగించాక డయల్ గేజ్ (సన్నటి తేడా చూపే ముల్లు కొలత) పెట్టి ఒక చుట్టు తిప్పి పుల్లీ అటూఇటూ ఊగుతోందేమో చూడగలిగే మెకానిక్ దొరికితే అదృష్టం.

ఇవన్నీ పాసయితే బజారు పుల్లీ వేసుకోండి, నేను కూడా వేస్తున్నాను. కానీ కంపెనీదానికీ దానికీ ఒక తేడా మన కంటికి కనిపించదు: ఆ రబ్బరు ఏ ఊగుడుకు సరిపోతుందో దాని లెక్క. అది కాటా మీద తేలదు. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. బండి ఇంకో రెండేళ్లలో అమ్మేసేదైతే, ఎక్కువ ఊళ్లలోనే తిరిగేదైతే, పరీక్షలు పాసైన బజారుది చాలు. ఇప్పుడే బోరు పని (సిలిండర్లు సరిచేయించడం) చేయించి కొత్త క్రాంకు వేసిన ఇంజనైతే మాత్రం కంపెనీదే వెయ్యండి. లక్షలు పెట్టి ఇంజన్ కట్టి ముందు వైపు కక్కుర్తి పడటం, పెళ్లంతా ఘనంగా చేసి భోజనాల దగ్గర సరుకు తగ్గించడం లాంటిది.

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, వాడి దగ్గర పాత డాడ్జ్ రామ్ పికప్ ఉంది, దాంట్లో ఉన్నదీ ఇదే 5.9 కమిన్స్ కుటుంబం. వాడు ఫోన్‌లో ఫ్లూయిడాంపర్, ఏటీఐ అని పేర్లు చెబుతుంటాడు, "మామయ్యా ఒకటి పంపనా" అని. ఫ్లూయిడాంపర్‌లో రబ్బరు ఉండదు. మూసేసిన డబ్బా లాంటి పెంకులో ఒక బరువు రింగు ఉంటుంది, దాని చుట్టూ తేనె కన్నా చాలా చిక్కటి సిలికాన్ ద్రవం. ఏటీఐది రబ్బరు రింగులతో, విప్పి మళ్లీ బిగించేలా ఉంటుంది. రెండూ మంచివే, కానీ అక్కడ కుర్రాళ్లు పంపు ట్యూన్ చేసి, టర్బో మార్చి, పవర్ రెండింతలు మూడింతలు చేసి, కంపెనీ పెట్టిన ఆర్‌పీఎం హద్దు దాటి తిప్పుతారు. అప్పుడు రబ్బరు ఒక్క ఊగుడునే బాగా పట్టుకుంటుంది, ద్రవం అయితే అన్ని ఆర్‌పీఎంలలోనూ కొంత కొంత పట్టుకుంటుంది. మీ టిప్పర్ 180 హార్స్‌పవర్, దాని హద్దు దాటి పోదు. దానికి కంపెనీ రబ్బరు సరిపోతుంది. పైగా అక్కడి పికప్ పుల్లీ కొలతలు, బెల్టు లైను ఇక్కడి లారీకి కలుస్తాయని ఇంజన్ పేరు ఒకటే అయినంత మాత్రాన అనుకోవద్దు.

ద్రవం డ్యాంపర్ ఇక్కడ పెద్ద ఇంజన్లకు కంపెనీయే ఇస్తుంది, అలాంటి బండి ఉన్నవాళ్లకు రెండు మాటలు. దాన్ని ఎప్పుడూ సుత్తితో కొట్టొద్దు, స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు. లోపల రింగుకీ పెంకుకీ మధ్య సందు చాలా చిన్నది, బయట చిన్న నొక్కు పడినా లోపల పట్టేస్తుంది. పెయింటు గీకి నాలుగు చోట్ల మందం కొలిస్తే 0.25 మిల్లీమీటర్ల కన్నా తేడా ఉండకూడదు. ఉంటే అది ఉబ్బింది, దాని ఆయుష్షు అయిపోయింది. ఇంజన్ పూర్తిగా కట్టేటప్పుడు ఎలా ఉన్నా మార్చెయ్యడమే మంచిది, లోపల ద్రవం గట్టిపడిందో లేదో బయటికి తెలియదు.

అల్యూమినియం తేలిక పుల్లీలు, చిన్న సైజు పుల్లీలు మైలేజీ పెంచుతాయని వీడియోల్లో చెబుతుంటారు. చిన్న పుల్లీ వేస్తే వాటర్ పంపు, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతాయి. మే నెలలో ఎండలో, ఘాట్ మీద, ఓవర్‌లోడు టిప్పర్‌కు అది కావాలా? ఇంకేం చెప్పను.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి. ఈ ఇంజన్‌కు పుల్లీ 4 బోల్టులతో ముందు నుంచే వస్తుంది, పుల్లర్ అక్కర్లేదు, కొట్టాల్సిన పనీ లేదు. బోల్టు తల మీద గ్రేడు నంబరు చూసి అదే గ్రేడు వెయ్యండి, మామూలు 8.8 బోల్టు దొరికిందని వేసేయొద్దు. టార్క్ (బిగింపు బలం) 125 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ ఇంజన్ నంబరు మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకుని టార్క్ రెంచ్‌తో బిగించమనండి. మా వాళ్లు గొట్టం తొడిగి లాగి "టైటు" అంటారు, నలుగురు లాగితే నాలుగు రకాల టైటు. హబ్బు కూర్చునే ముఖం మీద పెయింటు, తుప్పు, గ్రీజు ఉండకూడదు, ఆ ముఖాల రాపిడే పట్టు. నల్ల పెయింటు కొట్టి నీటుగా ఇచ్చారని సంతోషపడొద్దు, ఆ కూర్చునే చోట పెయింటు ఉంటే తీసెయ్యండి. రెండు మూడు ట్రిప్పులయ్యాక టార్క్ మళ్లీ ఒకసారి చూడండి.

పుల్లీ ఎలాగూ విప్పారు కాబట్టి ముందు ఆయిల్ సీల్ చూడండి. మీ రబ్బరు ఎందుకు పోయిందో అక్కడే తేలొచ్చు. సీల్ కారి ఆయిల్ పుల్లీ మీద పడుతుంటే కొత్త రబ్బరు కూడా ఉబ్బి మెత్తబడి పోతుంది. సీల్ మార్చేటప్పుడు ఒక సంగతి, ఈ ఇంజన్‌కు వచ్చే టెఫ్లాన్ సీల్ అయితే దాని పెదవికి గానీ క్రాంకుకు గానీ ఆయిల్ రాయకూడదు, శుభ్రంగా తుడిచి పొడిగా ఎక్కించాలి. పాత అలవాటు కొద్దీ అందరూ ఆయిల్ పూసి ఎక్కిస్తారు, నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది, "సీల్ డూప్లికేట్" అంటారు. ఇదే కుటుంబంలో బీఎస్-4, ఆ తర్వాతి ఎలక్ట్రానిక్ బండ్లు ఉన్నవాళ్లు పుల్లీ వెనక సెన్సర్‌కు పళ్ల చక్రం ఉందేమో చూసుకుని విప్పండి, ఉంటే దాన్ని వంచకుండా, తిరగేయకుండా బిగించాలి. మీ 2012 బండికి ఆ గొడవ లేదు.

సీల్ బాగానే ఉందంటే నా అనుమానం సర్వీసింగ్ మీద. టిప్పర్ వాషింగ్ అయ్యాక చాసిస్ తుప్పు పట్టకుండా డీజిల్, పాత ఆయిల్ కలిపి స్ప్రే కొడతారు కదా, ఆ గన్ను రేడియేటర్ కింద నుంచి ఇంజన్ ముందు భాగానికి కూడా తిప్పేస్తారు. రబ్బరుకు డీజిల్ పడదు. కొత్త పుల్లీ ఏదైనా వెయ్యండి, ఆ స్ప్రే కొట్టే కుర్రాడికి మాత్రం ముందు యాక్సిల్ దగ్గరే ఆపెయ్యమని చెప్పండి, కుదిరితే ఆ పది నిమిషాలు పక్కనే నిలబడండి.